వచ్చాయా, వచ్చారా? రోహిణి కథ రెండో భాగం రాస్తున్నవారికి

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. మొదటి భాగంలో నాగాయలంక దగ్గరి పల్లెలో ఇంటర్ మొదటి సంవత్సరం చదివే రోహిణి, అట్టపెట్టెకి అల్యూమినియం రేకు అతికించి యాంటెన్నా చేసుకుంటుంది. ఆకాశంలోని హైడ్రోజన్ నుంచి వచ్చే రేడియో తరంగాల్ని వినబోయి ఇంకేదో వింటుంది. విన్న చప్పుళ్లనే తిరిగి పంపుతుంది, చివర ఒకటి కలిపి. ఆరు గంటల తర్వాత జవాబు వస్తుంది, అందులో మరొకటి కలిసి ఉంటుంది. పుస్తకం అక్కడ ఆగింది. చదివిన పిల్లలు రెండో భాగం ఎప్పుడని అడుగుతున్నారు. మీరు మూడు అధ్యాయాలు రాశారు. నౌక దిగింది, సైన్యం చుట్టుముట్టింది, రోహిణి అనువాద యంత్రం పెట్టుకుని వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడింది. రాస్తుంటే మీకే ప్రాణం లేనట్టు ఉంది. ఈలోపు ఒక పాఠకుడు "వేరే నక్షత్రం నుంచి అన్నారు కదా, ఆరు గంటల్లో జవాబు ఎలా వచ్చింది?" అని అడిగాడు. మీకు టెన్షన్ పట్టుకుంది. మొదటి భాగం దిద్ది మళ్లీ పెట్టాలా అని మీ ప్రశ్న.

దిద్దకండి. ఆ ఆరు గంటల్లోనే మీ రెండో భాగం ఉంది.

నేను జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లు ఫిజిక్స్ చెప్పాను. దాంతోపాటు పిల్లల కోసం సైన్స్ కథలు రాశాను, వేరేవాళ్లవి చాలా దిద్దాను. గ్రహాంతరవాసుల కథకి రెండో భాగం నేనూ ఒకటి రాశాను. మొదటి అధ్యాయంలోనే నౌకని దింపేశాను. తొమ్మిదో తరగతి చదివే ఒక పాప నాకు ఉత్తరం రాసింది. మొదటి పుస్తకం చదివి రాత్రి మేడ మీదికి వెళ్లి ఆకాశం చూసిందట, రెండోది చదివాక వెళ్లాలనిపించలేదట. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అందుకే మీ ప్రశ్నకి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి, 4.24 కాంతి సంవత్సరాల దూరం. రోహిణి పదహారో ఏట పలకరిస్తే, అక్కడివాళ్లు వెంటనే బదులిచ్చినా, అది చేరేసరికి ఆమెకి ఇరవై నాలుగు దాటతాయి. 1974లో అరెసిబో టెలిస్కోప్ నుంచి పంపిన సందేశం ఎం13 అనే నక్షత్రాల గుంపు వైపు వెళ్తోంది. అక్కడికి చేరడానికే సుమారు 25 వేల ఏళ్లు. పదహారేళ్ల పిల్ల కథలో ఈ దూరాలు ఇమడవు. ఆ పిల్ల పిల్లగా ఉండగానే జవాబు రావాలంటే, బదులిచ్చినది మన సౌరకుటుంబంలోనో దాని అంచునో ఉండాలి.

ఆరు గంటలంటే వెళ్లడానికి మూడు, రావడానికి మూడు. రేడియో తరంగాలూ కాంతి వేగంతోనే పోతాయి, కాంతి మూడు గంటల్లో 324 కోట్ల కిలోమీటర్లు పోతుంది. యురేనస్ సూర్యుడికి సగటున 287 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది. అంటే మీకు తెలియకుండానే మీరు ఆ మాట్లాడేదాన్ని యురేనస్ కక్ష్యకి కాస్త అవతల, నక్షత్రమే లేని చీకట్లో కూర్చోబెట్టారు. ఆ పాఠకుడు అడిగిన ప్రశ్నని రెండో భాగం మొదటి పేజీలో రోహిణి నోట్లోనే పెట్టండి. పుస్తకం ముందేసుకుని లెక్క వేసుకుంటుంది, మళ్లీ వేసుకుంటుంది. అది దూరంగా ఎక్కడో లేదని తెలుసుకున్న క్షణంలో ఆ పిల్లకి పుట్టే భయం మీ నౌక దిగిన సన్నివేశంలో లేదు.

అట్టపెట్టె యాంటెన్నాకి అంత శక్తి ఉంటుందా అని మీరు వెనకాడక్కర్లేదు. అమెరికా పంపిన వాయేజర్ వ్యోమనౌక ట్రాన్స్‌మిటర్ శక్తి 23 వాట్లే, ఇంట్లో పెట్టుకునే ఎల్‌ఈడీ బల్బు స్థాయి. 1986 జనవరి 24న వాయేజర్ 2 యురేనస్ పక్కనుంచి వెళ్తూ పంపిన ఫొటోలు సుమారు రెండు ముప్పావు గంటలు ప్రయాణించి మనకి చేరాయి. వినేవాడి చెవి పెద్దదైతే పలికేవాడి గొంతు చిన్నదైనా చాలు. దానికి పెద్ద చెవి ఉందని అనుకోండి. తిరిగి పలికేటప్పుడు గట్టిగా పలుకుతుంది కాబట్టి రోహిణి అట్టపెట్టెకి వినిపిస్తుంది.

ఇప్పుడు దాన్ని కదిలించండి. మూడు కాంతి గంటల దూరం నుంచి 300 రోజుల్లో భూమికి చేరాలంటే సెకనుకి 125 కిలోమీటర్ల వేగం కావాలి, వాయేజర్ వేగానికి ఏడు రెట్లు పైన. 300 రోజులంటే జూన్‌లో కాలేజీ తెరిచిన దగ్గర్నుంచి పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా. ఆ వేగంతో వస్తే జవాబు రావడానికి పట్టే సమయం రోజుకి 72 సెకన్లు తగ్గుతుంది. భూమి కూడా సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు తిరుగుతోంది కదా, అందుకని దిశని బట్టి ఒకరోజు 72 కంటే తక్కువా ఒకరోజు ఎక్కువా వస్తుంది. ఆ తేడా ఎందుకొస్తోందో రోహిణి కనిపెట్టడానికే ఒక అధ్యాయం ఇవ్వొచ్చు. ఫిజిక్స్ చదివే పిల్లలకి ఇలాంటివి ఎంత ఇష్టమో క్లాసులో చూశాను.

ఆమె చేతికి ఒక నోట్‌బుక్ ఇవ్వండి. రికార్డు బుక్ వెనక తెల్ల పేజీలైనా సరే. ఎడమవైపు తేదీ, మధ్యలో పంపిన సమయం, కుడివైపు జవాబు వచ్చిన సమయం. ఆరు గంటలు. ఐదు గంటల యాభై ఎనిమిది నిమిషాల నలభై. ఐదు గంటల యాభై ఏడు నిమిషాల ముప్పై. మీరు ఎక్కడా "అది దగ్గరికొస్తోంది" అని రాయొద్దు. ఆ అంకెలు చూసి చదివేవాడికే తెలియాలి. ఆ మాట ముందు వాడి నోటి నుంచి రావాలి, తర్వాతే రోహిణి నోటి నుంచి.

ఈ పద్ధతిలో ఇంకొకటి దొరుకుతుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. జవాబు రావడానికి పట్టే సమయంలో దూరం ఒక్కటే లేదు, వాళ్లు ఆలోచించుకున్న సమయం కూడా ఉంది. రోహిణికి రోజువారీ తగ్గుదల తెలుసు కాబట్టి రేపటి జవాబు ఎప్పుడొస్తుందో ఈరోజే చెప్పగలదు. నెలలపాటు ప్రతి జవాబూ చెప్పిన వేళకే వస్తుంది. ఒక రోజు మాత్రం నలభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ రోజు తను ఏం అడిగింది? ఆ ప్రశ్న ఏమిటన్నది మీరు తేల్చుకోవాలి. వెంటనే తేలకపోతే రాయడం ఆపి, తేలేదాకా ఆగండి. అవతల ఉన్నది యంత్రం కాదని, అక్కడ ఎవరో తటపటాయించారని పాఠకుడికి తెలిసే చోటు అదే. కళ్లు, చర్మం, తలకాయ వర్ణించి సాధించలేనిది ఆ నలభై నిమిషాలతో వస్తుంది.

సైన్యం సంగతి. తొందరపడి పిలిచారు. నిజంగా అలా జరిగితే రోహిణి గుమ్మంలోకి ముందు వచ్చేది వైర్‌లెస్ శాఖవాళ్లు. హైడ్రోజన్ పలికేది 1420 మెగాహెర్ట్జ్ దగ్గర. ఆ చుట్టుపక్కల, 1400 నుంచి 1427 దాకా, ప్రపంచంలో ఎవరూ ఏమీ ప్రసారం చేయకూడదు, వినడానికి మాత్రమే. రేడియో ఖగోళం కోసం అలా కాపాడుకుంటున్నారు. మీ రోహిణి సరిగ్గా అక్కడే పంపింది, అదీ లైసెన్సు లేకుండా. తెలియక చేసినా తప్పే. పైన యాంటెన్నాలున్న జీపొకటి పల్లెలో రెండు రోజులు తిరుగుతుంది. మూడో రోజు ఆ ఇంటి ముందు ఆగుతుంది. వచ్చిన ఆఫీసరుకి రోహిణి వాళ్లమ్మ మజ్జిగ ఇస్తుంది. ఆయన గ్లాసు పట్టుకుని, ఎవరో పెద్దవాళ్లు చేసిన పని అనుకుంటూ, ఇంట్లో మగవాళ్లు లేరా అని అడుగుతాడు. పిల్ల స్టోర్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఇది రాయండి. తుపాకులు చూస్తే కలగని ఆరాటం ఆ మజ్జిగ గ్లాసు దగ్గర కలుగుతుంది.

తర్వాత శాస్త్రవేత్తలు వస్తారు, వచ్చినా ముందు నమ్మరు. నమ్మకపోవడమే వాళ్ల పని, దాన్ని విలనిజంగా రాయకండి. వాళ్లు ఎన్నోసార్లు ఇలాంటివి చూశారు. 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్ 1.337 సెకన్లకొకసారి తడబడకుండా కొట్టుకునే సిగ్నల్ పట్టుకుంది. పచ్చ మనుషులేమో అని పేరు కూడా పెట్టుకున్నారు. తీరా అది పల్సార్, గిర్రున తిరిగే చచ్చిపోయిన నక్షత్రం. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌ని ఏళ్ల తరబడి వేధించిన వింత సిగ్నళ్లు, మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే తలుపు లాగడం వల్ల వచ్చినవని 2015లో తేలింది. అదే పార్క్స్‌లో 2019లో ప్రాక్సిమా వైపు నుంచి 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటి వినిపించింది. పరిశీలించి పరిశీలించి, అదీ మన మనుషుల పరికరాలదేనని 2021లో చెప్పారు. కాబట్టి బెంగళూరు దగ్గర బ్యాలాళులో ఉన్న ఇస్రో 32 మీటర్ల యాంటెన్నానో, పుణె దగ్గర ఖోడద్‌లో ముప్పై డిష్‌లున్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌నో అటు తిప్పి, తామూ విన్న తర్వాతే వాళ్లు రోహిణిని కుర్చీలో కూర్చోమంటారు. ఆ క్షణం ఆమెకి గెలుపు, అక్కడే ఆమెకి పెద్ద దెబ్బ కూడా తగలాలి. గ్రహాంతర సిగ్నల్ దొరికితే ఏం చేయాలో శాస్త్రవేత్తలు 1989లోనే కొన్ని సూత్రాలు రాసుకున్నారు, 2010లో సవరించుకున్నారు. అవి చట్టం కాదు. అందులో ముఖ్యమైనది, అంతర్జాతీయంగా సంప్రదించుకోకుండా ఎవరూ బదులు పంపకూడదన్నది. రోహిణి అప్పటికే పంపింది. ప్రపంచం మొత్తం తరఫున, ఎవరినీ అడగకుండా, ఒక పదహారేళ్ల పిల్ల మాట్లాడేసింది. రెండో భాగంలో ఆమె మోయాల్సిన బరువు అదే. మొదటి భాగంలో ముచ్చటగా చేసిన పని రెండో భాగంలో ఆమెని పట్టుకుని నిలదీయాలి.

ఆమె ఇంటర్ రెండో సంవత్సరంలో ఉందని మర్చిపోయారు మీరు. మీ మూడు అధ్యాయాల్లో కాలేజీ లేదు. సిగ్నల్ సంగతి బయటపడకముందు వాళ్ల నాన్న ఆమెని విజయవాడలో హాస్టల్‌లో వేస్తాడు అనుకోండి, అక్కడ ఫోన్ ఉండదు, ఆదివారం ఔటింగ్ ఒక్కటే. అప్పుడు నోట్‌బుక్‌లో ఆరు రోజుల ఖాళీ వస్తుంది. అటువైపు పలకరింపు వస్తూనే ఉంటుంది, ఇటునుంచి బదులు లేదు. ఊళ్లో తమ్ముడు ఆ పనికి పూనుకుంటాడు, వాడికి లెక్కలు రావు కానీ యాంటెన్నా తిప్పడం వచ్చు. ఇంకెక్కువ చెప్పను. మీరు ఆ వయసు దాటి ఎక్కువ కాలం కాలేదు, మీకు నాకంటే బాగా తెలుసు.

ఇక భాష. మీ ఉత్తరంలో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు, అనువాద యంత్రం పెట్టానని. నేను దీని మీదే ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే తెలుగులో ఈ కథ రాస్తున్నవాళ్లకి ఇంగ్లీషులో రాసేవాళ్లకి లేని ఒక సదుపాయం ఉంది.

మీ మూడో అధ్యాయంలో ఒక పేరాలో "వాళ్లు దిగారు" అని రాశారు. అదే పేజీలో "అవి కదల్లేదు" అని రాశారు. గమనించారో లేదో. మన భాషలో ఒకటికంటే ఎక్కువమంది గురించి చెప్పగానే తీర్పు ఇచ్చేయాలి. మనుషులైతే వచ్చారు, మనుషులు కాకపోతే వచ్చాయి. తెలంగాణలో అయినా వచ్చిండ్రు, వచ్చినయ్, అదే తేడా. మధ్యలో ఇంకో రూపం లేదు. ఇంగ్లీషులో ఒకే మాటతో పుస్తకం చివరిదాకా తప్పించుకోవచ్చు. మనకి మొదటి వాక్యంలోనే, క్రియ చివర రెండు అక్షరాల్లో, అవతలివాళ్లు మనలాంటివాళ్లా కాదా అన్నది చెప్పక తప్పదు. వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని చదువుకున్నది ఇదే.

దీన్ని మీరు అడ్డంకి అనుకోకండి. మీ కథకి వెన్నెముక ఇదే. ఒక్కో పాత్ర ఏ రూపం వాడుతుందో ముందే రాసి పెట్టుకోండి. ఆఫీసరు మొదటి నుంచి "వచ్చాయి" అంటాడు. టీవీ వాళ్లు ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా అంటారు. తమ్ముడు మొదటి రోజు నుంచే "వాళ్లు" అంటాడు, ఎందుకో వాడికే తెలియదు. రోహిణి జాగ్రత్తగా "సిగ్నల్ వచ్చింది" అంటూ మనుషుల మాట రాకుండా తప్పించుకుంటుంది. ఆ నలభై నిమిషాల ఆలస్యం తర్వాత, భోజనాల దగ్గర, ఏ ఆర్భాటం లేకుండా ఆమె నోటివెంట "వాళ్లు ఆలోచిస్తున్నారమ్మా" అని వస్తుంది. అమ్మ గరిట పట్టుకుని ఆగుతుంది. మీరు దాని మీద ఒక్క వ్యాఖ్య కూడా రాయక్కర్లేదు. తెలుగు చదివే ప్రతి పిల్లకీ పిల్లాడికీ అర్థమవుతుంది.

ఏకవచనంలో సంగతి ఇంకా లోతు. రోహిణి వచ్చింది, పిల్లి వచ్చింది, రైలు వచ్చింది. మన భాష ఆడపిల్లకీ, జంతువుకీ, వస్తువుకీ ఒకే క్రియ ఇస్తుంది. మగవాడికి మాత్రం వేరేగా వచ్చాడు. ఇది నాకు చాలాకాలం బాధగానే ఉండేది, క్లాసులో ఆడపిల్లలు అడిగితే సమాధానం ఉండేది కాదు. మీ కథలో మాత్రం దీనికి ఒక అర్థం వస్తుంది. అవతలిది ఒక్కటే అయితే, దాని క్రియా, రోహిణి క్రియా ఒకటే అవుతాయి. "చాలాసేపు వింది. మళ్లీ ఒకసారి పిలిచింది. జవాబు రాలేదు. అయినా ఆగింది." ఈ నాలుగు వాక్యాలు ఎవరి గురించి? రోహిణి అనుకుని చదువుతాం. తర్వాతి పేరాలో అది ఆకాశంలో ఉన్నదాని గురించి అని తెలిస్తే? అలాంటి పేజీ మీ పుస్తకంలో ఒక్కటి ఉంటే చాలు, అది ఇంకే భాషలోకీ పూర్తిగా వెళ్లదు. అనువాదం అవుతుందా కాదా అని ఆలోచించకుండా రాయండి.

ఇంకోటి కూడా ఉంది. మేము, మనము. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. అవతలివాళ్లు తెలుగు నేర్చుకుంటున్నారంటే, ఈ తేడా దగ్గర తప్పకుండా తప్పు చేస్తారు. మొదట్లో అన్నిటికీ "మేము" అంటారు. ఒకరోజు "మనం" అని వస్తుంది. అది పొరపాటా, కావాలని అన్నారా? భాషాశాస్త్రజ్ఞులు ఒకటి అంటారు, ఆఫీసరు ఇంకోటి అంటాడు, దాన్నిబట్టి నిర్ణయాలు మారతాయి. యుద్ధం లేకుండానే ఉత్కంఠ నడుస్తుంది.

మరి వాళ్లు తెలుగు ఎలా నేర్చుకుంటారు? యంత్రం పెట్టేయకండి. నేర్చుకోవడమే కథ. మొదట అంకెలు. అరెసిబో సందేశంలో 1679 చుక్కలు ఉంటాయి. ఆ సంఖ్యని 23, 73 తప్ప ఇంకెలా విడగొట్టినా రాదు, కాబట్టి ఆ కొలతల్లో పేర్చితే బొమ్మ వస్తుందని వినేవాళ్లకి తట్టాలని ఆశ. రోహిణికి కూడా ఇలాంటిది ఒకటి తట్టనివ్వండి, ముగ్గు చుక్కలు పెట్టే పిల్లకి వరసలూ నిలువులూ కొత్త కాదు. తర్వాత పేర్లు. తర్వాత తప్పులు. తప్పుల మీద ఎక్కువ పేజీలు పెట్టండి.

తొలి పరిచయం ఎలా ఉంటుందో ఊహించలేకపోతే, మనుషుల మధ్య జరిగినది చూడండి. అండమాన్‌లో ఉత్తర సెంటినెల్ దీవి దగ్గరికి మన ప్రభుత్వం తరఫున మానవశాస్త్రజ్ఞులు 1967 నుంచి వెళ్తూ వచ్చారు. ఒడ్డున కానుకలు పెట్టి వెనక్కి వచ్చేవారు. తీరం నుంచి బాణాలు వచ్చేవి. 1991 జనవరిలో పడవ నుంచి కొబ్బరికాయలు నీళ్లలోకి వదిలితే, ఆ దీవివాళ్లు ఆయుధాలు లేకుండా నీళ్లలోకి దిగి వచ్చి తీసుకున్నారు. ఆ బృందంలో మధుమాల చటోపాధ్యాయ్ అనే మానవశాస్త్రజ్ఞురాలు ఉన్నారు. పాతికేళ్ల రాకపోకల్లో కొన్ని కొబ్బరికాయలు చేతులు మారాయి, అంతే. ఒక్క మాట అర్థం కాలేదు. తర్వాత కొన్నేళ్లకి ఆ వెళ్లడాలు కూడా ప్రభుత్వమే ఆపేసింది, మనం మోసుకెళ్లే జబ్బులకి వాళ్లు తట్టుకోలేరని, వాళ్లని వాళ్లలా ఉండనివ్వాలని. ఆ కథలో పైనుంచి ఊడిపడ్డవాళ్లం మనమే. ఒడ్డున నిలబడి మనల్ని చూసినవాళ్ల వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. మీ నౌక ఎందుకు దిగాలి? దిగకుండా దూరంగా ఆగి, ఏదో ఒకటి నీళ్లలోకి వదిలి ఎదురుచూడొచ్చు కదా. రోహిణి పల్లె ఉన్న దివిసీమలో సముద్రం ఉండనే ఉంది.

దివిసీమ అన్నాను కాబట్టి ఒక విషయం. ఆ ఊరిని ఎందుకు ఎంచుకున్నారో మీరు రాయలేదు, మీ సొంత ఊరే అయి ఉంటుంది. కానీ మీరు వాడుకోని పెద్ద నిధి అక్కడుంది. 1977 ఆగస్టు 15న అమెరికాలో ఒహాయోలోని బిగ్ ఇయర్ టెలిస్కోప్‌కి ఒక బలమైన సిగ్నల్ 72 సెకన్లు వినిపించింది. కాగితం మీద జెర్రీ ఎమన్ ఎర్ర సిరాతో దాని పక్కన "వావ్" అని రాశాడు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ తర్వాత అయిదు రోజులకి వాయేజర్ 2, సెప్టెంబర్ 5న వాయేజర్ 1 బయల్దేరాయి. వాటిలోని బంగారు పూత రికార్డులో 55 భాషల పలకరింపులు ఉన్నాయి, అందులో తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పే చిన్న వాక్యం. అదే ఏడాది నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. పది వేలమందికి పైగా పోయారని అంటారు. అంటే మన గొంతు ఒకటి సౌరకుటుంబం దాటడానికి బయల్దేరిన మూడు నెలల్లోపే, ఆ గొంతు మాట్లాడే తీరంలో ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయాయి.

మీ మొదటి భాగంలో రోహిణి నాయనమ్మ రెండు చోట్ల కనిపించి మాయమవుతుంది. ఆమె వయసు లెక్కేయండి. ఉప్పెన నాటికి ఇరవైల్లో ఉండి ఉంటుంది. ఏదో పెద్దది వస్తోందని ఊరికి తెలిసిన రోజున, మీ మూడో అధ్యాయంలో జనం కేకలు వేసి పరిగెత్తారు. ఆ ఊళ్లో అలా జరగదు. వాళ్లకి అలవాటైన పని ఒకటుంది, తుఫాను షెల్టర్. పెట్టెలో కాగితాలు సర్దుతారు, గొడ్ల పలుపులు విప్పుతారు. కట్టేసి ఉంచితే నీళ్లొచ్చినప్పుడు చస్తాయని నాయనమ్మకి తెలుసు. ఆకాశం నుంచి వచ్చేదానికి గొడ్లని విప్పడం ఏమిటని రోహిణి అడుగుతుంది. ఆమె జవాబు చెప్పదు, విప్పుతూనే ఉంటుంది. ఆ ఒక్క పని దగ్గర నేనైతే రెండు పేజీలు ఉంటాను. పిల్లలకి నాయనమ్మల కథ విసుగు అని ఎవరైనా అంటే వినకండి, నాకు వచ్చిన ఉత్తరాలు అలా చెప్పవు.

ఆ రికార్డుని కూడా వాడుకోవచ్చు. వాయేజర్ 2 యురేనస్ దాటింది, మీ ఆగంతుకం ఉన్న చోటూ అటే. అది ఆ రికార్డుని వినివుంటే, అవతలి నుంచి రోహిణికి వచ్చే మొదటి తెలుగు 1977 నాటి ఒక మనిషి పుస్తకాల తెలుగు అవుతుంది, ఆ గొంతుతో సహా. రోహిణికి ఆ గొంతు ఎవరిదో తెలియదు. నాయనమ్మ విని, "ఎవరో మన కృష్ణాజిల్లా మనిషిలా లేడే" అంటుంది. ఇది మీకు ఇచ్చేస్తున్నాను, నచ్చితే తీసుకోండి. అంతరిక్షంలో ఒక చిన్న నౌకని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో కూడా ఒక వాక్యంలో ఒప్పుకోండి, లేకపోతే ఆ పాఠకుడు మళ్లీ అడుగుతాడు, అడగాలి కూడా.

చిన్న విషయాలు రెండు. మీ మొదటి అధ్యాయంలో ఎనిమిది పేజీలు పాత కథే ఉంది, తీసేయండి. మొదటి భాగం చదవనివాళ్ల కోసం నోట్‌బుక్ మొదటి పేజీ చూపిస్తే సరిపోతుంది, ఆరు గంటలు అన్న అంకె పక్కన రోహిణి వేసుకున్న ప్రశ్నార్థకంతో. రెండోది, ఇంగ్లీషులో మాట్లాడించడం. పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, భయపడితే తెలుగులోనే భయపడుతుంది. ఒక్కత్తే స్టోర్‌రూమ్‌లో కూర్చుని ఆకాశాన్ని పిలిచేటప్పుడు ఆమె నోటికి ఏ మాట వస్తుందో మీకు తెలుసు. ఆ మాటే రాయండి. నువ్వు అంటుందా, మీరు అంటుందా అన్నది కూడా తేల్చుకోండి, అది మొదటి రోజు ఒకటి, మూడు వందలవ రోజు ఇంకొకటి కావచ్చు.

చివరి ప్రశ్న, పరీక్షల రోజుకి దాన్ని భూమి మీదికి తేవాలా వద్దా అని. నోట్‌బుక్‌లో ఆలస్యం రెండున్నర సెకన్లకి వచ్చాక రాయడం ఆపి చూడండి. చంద్రుడి దూరం అది. అక్కడ రోహిణి పిలిస్తే, బదులు ఒక్క ఊపిరి తీసుకునేంతలో వస్తుంది. నెలలపాటు గంటలు ఎదురుచూసిన పిల్లకి ఆ రెండున్నర సెకన్లు ఎలా ఉంటాయో ముందు అది రాసి నాకు చూపించండి. తేవాలో వద్దో అప్పుడు మాట్లాడుకుందాం.